జబ్బు గంటల్లో, సర్టిఫికెట్ శాతాల్లో

"పొద్దున కాఫీ తాగుతూ పేపరు చదివాడు. పదకొండింటికి కుర్చీలోంచి లేవలేనంటున్నాడు. ఇదేం జబ్బండీ, నాటకం కాకపోతే?" పార్కిన్సన్ వ్యాధి ఉన్న ఇళ్ళలో ఇలాంటి మాట ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. నాటకం అనడానికి నోరు రానివాళ్ళు పూర్వజన్మ కర్మ అంటారు. నా దృష్టిలో రెండూ ఒకటే. రెండూ కారణం వెతికే శ్రమ తప్పించుకోవడానికే.

కారణం ఉంది. ఈ జబ్బులో డోపమిన్ తయారుచేసే మెదడు కణాలు నశిస్తాయి. లీవోడోపా మాత్ర మెదడులోకి వెళ్ళి డోపమిన్‌గా మారుతుంది. 1960లలో వాడుకలోకి వచ్చిన ఈ మందే ఇప్పటికీ ప్రధానమైనది. కానీ రక్తంలో దాని పరిమాణం సుమారు గంటన్నరలో సగానికి పడిపోతుంది. తొలి సంవత్సరాల్లో మిగిలిన కణాలు దాన్ని దాచుకుని సర్దుకొస్తాయి. జబ్బు ముదిరేకొద్దీ ఆ దాచుకునే శక్తి పోతుంది. అప్పుడు మాత్ర పనిచేసినంతసేపే కదలిక, తర్వాత కొయ్యబారిపోవడం. మాంసకృత్తులు ఎక్కువగా తిన్న పూట కొందరికి మాత్ర సరిగ్గా ఎక్కదు కూడా. బి.కాం. చదివిన వాణ్ణి, నాకిది క్యాష్ బుక్కులా కనిపిస్తుంది. పొద్దున ఉన్న నిల్వ చూపించి మధ్యాహ్నం చెక్కు ఎందుకు చెల్లలేదని అడిగితే ఎలా?

(దూలగొండి చూర్ణంతో నయం చేస్తామనే వాళ్ళకి ఒక మాట. ఆ గింజల్లో ఉన్నదీ లీవోడోపాయే, మహిమ కాదు. మీ పొట్లంలో అది ఎంతుందో మీకే తెలియదు.)

ఇలాంటి మనిషికి రోజంతా పక్కన కూర్చునే కాపలా అక్కర్లేదు. పొద్దున మొదటి మాత్ర పనిచేసే దాకా ఒక చెయ్యి కావాలి. గుమ్మం దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోతే చెయ్యి పట్టి లాగకుండా, "ఇదిగో, ఈ గీత దాటండి" అని చూపించే మనిషి కావాలి. గుండీలు పెట్టడానికి, రాత్రి ఒత్తిగిలడానికి కాస్త సాయం కావాలి. మిగతా వేళల్లో ఎంత ఆలస్యమైనా తన పని తనని చేసుకోనివ్వాలి.

ఈ "కావలసినప్పుడు" అనే మాటే మన వ్యవస్థకి తలకెక్కదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్ వ్యాధిని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. (వికలాంగుల్ని "దివ్యాంగులు" అన్నంత మాత్రాన ఎవరి గుండీలూ పడవు.) కానీ 38వ సెక్షన్ కింద అధిక సహాయం అడగాలంటే కనీసం 40 శాతం వైకల్యం తేలాలి. ఆ శాతం ఏ గంటది?

నాతో పనిచేసిన ఒకాయన, బోర్డు ముందు పడిపోతే పరువు పోతుందని, వేళ లెక్క చూసుకుని మాత్ర వేసుకుని వెళ్ళారు. నడుస్తూ లోపలికెళ్ళారు. 40కి తక్కువ రాసి పంపారు. తిరిగొచ్చాక ఆటో దిగలేకపోయారు. ఆటో డ్రైవరూ నేనూ కలిసి దించాం, పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

డి.బి.ఎస్. ఆపరేషన్‌కి ముందు న్యూరాలజిస్టులు రోగిని మందు ఆపి ఒకసారి, మందిచ్చి ఒకసారి పరీక్షించి తేడా కొలుస్తారు. ఆపరేషన్‌కి పనికొచ్చిన శాస్త్రం సర్టిఫికెట్‌కి పనికిరాదా?

నా సర్వీసంతా డిఫెన్స్ ఎకౌంట్స్‌లో గడిచింది. అక్కడ వైకల్య పింఛనుదారులకి కాన్‌స్టెంట్ అటెండెన్స్ అలవెన్స్ ఉంది. 100 శాతం వైకల్యం ఉండాలి, "నిత్యం" మనిషి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పెంచిన పింఛన్లు చూడండి. వికలాంగులకి నెలకి 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. రోజుకి ఆరు గంటలు మాత్రమే మంచాన పడే మనిషి ఏ వరసలో నిలబడాలి, అదీ నిలబడగలిగిన వేళలో?

అటెండెంట్లని పంపే ఏజెన్సీలదీ ఎక్కువగా 12 గంటలు, 24 గంటల లెక్కే. కాబట్టి ఆ భారం భార్య మీదే పడుతుంది. ఆమెకీ డెబ్భై ఏళ్ళుంటాయి. జీతం లేదు, సెలవు లేదు, "పతిసేవ" అని ఒక పొగడ్త మాత్రం ఉంది. రాత్రి నాలుగుసార్లు లేవడం పుణ్యమని చెప్పే పెద్దమనిషి ఒక వారం తాను లేచి చూడాలి.

అడిగినప్పుడల్లా సాయమంటే ఖర్చుకి అంతుండదని అంటారు. లెక్క చూద్దాం. రోజుకి 12 గంటలంటే నెలకి 360 గంటలు. మూడు గంటలైతే 90. గంట రేటు కాస్త ఎక్కువైనా ఏది చౌక? ఇంగ్లండులో 1996 చట్టంతో సాయానికయ్యే డబ్బు మనిషి చేతికే ఇచ్చి, ఎవరిని ఏ వేళకి పెట్టుకోవాలో తననే తేల్చుకోమన్నారు. మొదట 65 దాటినవారికి లేదన్నారు, 2000లో ఆ అడ్డూ తీసేశారు.

మన సర్టిఫికెట్‌లోనూ శాతం పక్కన గంటలు రాయాలి. మందు పనిచేసే వేళ ఎంత, పనిచేయని వేళ ఎంత, సాయం ఎన్ని గంటలు. ఆర్నెల్లకోసారి మళ్ళీ చూడాలి. ఆ గంటల డబ్బు రోగి ఖాతాలో వేయాలి. దుర్వినియోగం అవుతుందని భయమా? హాజరు పట్టీలు, వోచర్లు పంపండి. ఉచితంగా ఆడిట్ చేయడానికి మాలాంటి రిటైర్డు గుమాస్తాలు ఊరికి పదిమంది ఉన్నాం.