కాషన్ ఆర్డరు ఇవ్వవలసిన చోట లైను మూసివేశారు

కోవిడ్ కాలంలో బడులు మూసివేసిన సంగతి ముగిసిపోయిన కథ అనీ, దానిని ఇప్పుడు తిరగదోడటం దేనికనీ కొందరు సభ్యులు మమ్ములను అడుగుతున్నారు. అది ముగిసిపోలేదు. అత్యవసర పరిస్థితి తొలగినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించిన మాట నిజమే. కాని ఆ రెండేళ్ళలో పాలకులు నేర్చుకొన్న అలవాటు తొలగలేదు. 2024 నవంబరులో ఢిల్లీని కాలుష్యం కమ్మినప్పుడు బడులకు తాళాలు వేసి పాఠాలను ఫోనులోకి మళ్ళించారు. అదే నెలలో సరిహద్దుకు ఆవల లాహోరులోనూ అదే జరిగింది. మధ్యాహ్న భోజనం పోగొట్టుకొన్న పిల్లల సంగతి, ఇంట్లో ఆన్‌లైన్ పాఠాలకు వసతి లేని పిల్లల సంగతి మన సుప్రీంకోర్టు గుర్తుచేయవలసి వచ్చింది. రేపు మరొక అంటువ్యాధి వస్తే మొట్టమొదట తాళం పడేది ఎక్కడో చెప్పటానికి జ్యోతిష్కుడు అక్కరలేదు. అందుచేత ఈ చర్చ జరగవలసినదే.

అయితే ఇంతవరకు దేశంలో చర్చ పేరుతో నడిచినది ఒకే ఒక ప్రశ్న: బడులు తెరవాలా, మూయాలా? తెరవాలన్న వారు ఉపాధ్యాయులను సోమరులన్నారు. మూయాలన్న వారు తెరవమన్న వారిని పసిపిల్లల ప్రాణాలతో చెలగాటమాడేవారన్నారు. ఈ ప్రశ్నే తప్పని మా వాదన. దీనిని ఈ రూపంలో మన ముందు పెట్టిన వారికి లాభం ఉన్నది; ఎటు తేలినా వారి ఖజానా నుండి పైసా కదలదు.

రైలు పట్టాల మీద పనిచేసే వారికి వివరించి చెప్పనక్కరలేని ఉపమానమొకటి ఉన్నది. పట్టా బలహీనపడితే మనం లైనును రెండేళ్ళపాటు మూసివేయము. కాషన్ ఆర్డరు ఇస్తాము. ఏ కిలోమీటరు నుండి ఏ కిలోమీటరు వరకు, ఎంత వేగంతో పోవాలో అందులో రాసి, లోకో పైలట్ చేతికిచ్చి సంతకం తీసుకొంటాము. ఈలోగా గ్యాంగు వెళ్ళి పట్టా బాగుచేస్తుంది. బాగయిన నాడు ఆంక్ష ఎత్తివేస్తాము. ప్రమాదం మరీ ముంచుకొస్తే లైను బ్లాకు చేస్తాము. అప్పుడు కూడా ఎక్కడ నుండి ఎక్కడి వరకు, ఎంతసేపు అన్నది కాగితం మీద ఉంటుంది. నూరేళ్ళకు పైగా ఈ దేశంలో రైళ్ళు నడిచినది ఈ క్రమశిక్షణ మీదనే.

2020 మార్చిలో బడులు మూయటాన్ని మేము తప్పుపట్టటం లేదు. ఆ వ్యాధి ఎటువంటిదో అప్పటికి ఎవరికీ తెలియదు. ప్రయాణికుల రైళ్ళే ఆగిపోయిన రోజులవి. తప్పు ఆ తరువాతి నెలలలో ఉన్నది. దేశంలో 15 లక్షల బడులు మూతపడి 24.7 కోట్ల మంది పిల్లల చదువు దెబ్బతిన్నదని యూనిసెఫ్ లెక్క. హైదరాబాదులో వేయిమందిని ఇరుకు గదులలో కుక్కిన కార్పొరేట్ బడికీ, ఆదిలాబాదు గూడెంలో చెట్టునీడన ఇరవై మంది పిల్లలు కూర్చునే బడికీ ఒకే ఉత్తర్వు. ఏ కిలోమీటరు, ఎంత వేగం, ఎప్పటి వరకు అన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు. బంగ్లాదేశ్‌లో 2020 మార్చి 17న మూసిన బడులను 2021 సెప్టెంబరు 12న గాని తెరవలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో పై తరగతులు తెరిచి, 2021 ఏప్రిల్‌లో రెండవ తాకిడికి మూసి, ఆగస్టు 16న మళ్ళీ తెరిచారు. తెలంగాణలో 2021 ఫిబ్రవరిలో తెరిచినవి మార్చి 24న మూతపడి, సెప్టెంబరు 1 వరకు మూసే ఉన్నాయి.

ఇంతకాలం లైను మూసి ఉంచారు కదా, గ్యాంగును పంపారా? ఇదీ అసలు ప్రశ్న. ఈ వ్యాధి గాలి ద్వారా సోకదని 2020 మార్చిలో చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థే 2021 ఏప్రిల్ నాటికి ఆ మాట మార్చుకొన్నది. అప్పటి నుండి చేయవలసిన పని స్పష్టం: గదికి ఎదురెదురు కిటికీలు, పైకప్పు కింద గాలి పోయే దారి, మంచి మాస్కులు, సగం సగం పిల్లలతో రెండు పూటలు, వీలున్న చోట ఆరుబయట తరగతి, ఉపాధ్యాయులకు, ఆయాలకు, వంటవారికి ముందుగా టీకా. ఇందులో అంతరిక్ష విజ్ఞానం ఏదీ లేదు. తాపీమేస్త్రీ, వడ్రంగి, నర్సు కలిసి చేయగల పని. కాని డబ్బు కావాలి. కేంద్ర ప్రభుత్వం ఏం చేసింది? 2020-21 బడ్జెట్‌లో విద్యాశాఖకు చూపిన 99,312 కోట్ల రూపాయలను 2021-22లో 93,224 కోట్లకు దించింది. అందులో పాఠశాల విద్య వాటా 59,845 కోట్ల నుండి 54,874 కోట్లకు పడిపోయింది. చరిత్రలో ఎన్నడూ లేనంతగా బడులను బాగుచేయవలసిన సంవత్సరంలో బడుల డబ్బు కోశారు!

ఇక్కడ మన జేబు సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 జనవరి నుండి 2021 జూన్ వరకు 18 నెలల కరువు భత్యం మూడు వాయిదాలు స్తంభింపజేసి, మన వద్ద, పింఛనుదారుల వద్ద మిగుల్చుకొన్నది 34,402 కోట్ల రూపాయలని ప్రభుత్వమే పార్లమెంటులో ఒప్పుకొన్నది. ఆ బకాయి ఇచ్చేది లేదని కూడా చెప్పింది. ఆ 18 నెలలలోనే మనలో ప్రతి ఒక్కరూ అప్పుచేసి పిల్లవాడికొక ఫోను కొన్నాము, నెలనెలా డేటాకు డబ్బు కట్టాము. అనగా బడి నడిపే ఖర్చు సర్కారు పద్దు నుండి జారి కార్మికుని ఇంటి పద్దులోకి వచ్చి చేరింది. ఆన్‌లైన్ విద్య అనే గొప్ప మాటకు అర్థం ఇదే.

ఆ విద్యయినా అందిందా? 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో కంప్యూటరున్న ఇళ్ళు నూటికి నాలుగు, ఇంటర్నెట్ అందుబాటున్నవి పదిహేను. 2019-20లో ఇంటర్నెట్ ఉన్న బడులే నూటికి 22. ఈ అంకెలు బల్లపై పెట్టుకొని కూడా పాఠాలు ఫోనులో చెబుతామన్నారు. 2021 ఆగస్టులో ఆచార్య జాన్ ద్రేజ్, ఆచార్య రీతికా ఖేరా మొదలగువారు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో సుమారు 1,400 మంది పేదపిల్లలను కలిసి చూస్తే, క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు పల్లెల్లో నూటికి ఎనిమిది మంది, పట్టణాలలో ఇరవై నలుగురు. పల్లెపిల్లలలో 37 శాతం మంది అసలు పుస్తకమే పట్టటం లేదు. ఇంట్లో ఫోను ఉండటం వేరు, పిల్లవాడి చేతిలో ఉండటం వేరు. 2021 అసర్ సర్వేలో, స్మార్ట్‌ఫోను ఉన్న ఇళ్ళలోనే నూటికి 26 మంది పిల్లలకు అది చేతికందలేదు. ఎందుకో మన క్వార్టర్లలో అడిగితే చెబుతారు: ఉన్న ఒక్క ఫోను తండ్రి వెంట డ్యూటీకి పోతుంది. అతడు రాత్రి గేటు దగ్గర ఉంటే ఫోనూ గేటు దగ్గరే ఉంటుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే మగపిల్లవాడి వంతు ముందు, ఆడపిల్ల వంతు తరువాత. ఈ విషయంలో మన ఇళ్ళు ఇతరుల ఇళ్ళకంటే ఆదర్శంగా ఏమీ లేవు.

దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారమైనాయి. మేము వాటిని చిన్నచూపు చూడము. ఫోను లేని ఇంటికి అవి కొంత మేలు. కాని టీవీ పెట్టె ముందు చెయ్యెత్తి సందేహం అడిగే వీలు లేదు. ఇక ప్రైవేటు ఆన్‌లైన్ వ్యాపారుల సంగతి. బైజూస్ సంస్థ విలువ 2022 నాటికి 22 వందల కోట్ల డాలర్లకు ఉబ్బింది. 2024 జూలైలో అదే సంస్థ దివాలా విచారణ గుమ్మం తొక్కింది. కిటికీ పెట్టటానికి లేని డబ్బు దేశంలో ఎక్కడ ప్రవహించిందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

మరి వేరే దారి లేదా? ఉన్నది. తపాలా సోదరులు ఈ మాట గమనించాలి. ఈ దేశంలో లక్షన్నరకు పైగా పోస్టాఫీసులున్నాయి, వాటిలో పదింట తొమ్మిది పల్లెల్లోనే. రెండున్నర లక్షల పైచిలుకు గ్రామీణ డాక్ సేవకులు లాక్‌డౌన్‌లో సైతం మందులు చేరవేశారు, ముసలివారికి ఇంటి గుమ్మం ముందు నగదు చెల్లించారు. వారానికొక అచ్చు పాఠం, నాలుగు అభ్యాసాలు, తిరుగు కవరు ఈ చేతుల మీదుగా ప్రతి గూడేనికీ పంపవచ్చునే! ఉపాధ్యాయుడు దిద్ది తిప్పి పంపవచ్చునే! సిగ్నల్ అందని చోటికి సంచీ అందుతుంది. ఇది వెనకటి పద్ధతి అని నవ్వేవారు నవ్వవచ్చు. కంపెనీకి లాభం లేని పద్ధతి అన్నదే దాని అసలు లోపం. ఛత్తీస్‌గఢ్‌లో వాడవాడలా తరగతులు, మైకులో పాఠాలు నడిచాయి. కర్ణాటకలో 2020లో విద్యాగమ పేరిట ఆరుబయట బోధన మొదలైంది. దానిని అక్టోబరులో ఆపివేశారు. కారణం ఉపాధ్యాయులకు, పిల్లలకు వ్యాధి సోకటం. ఆరుబయట అయినంత మాత్రాన రక్షణ ఏర్పాటు లేకుండా మనుషులను తోసివేస్తే ఏమవుతుందో అది చూపింది.

ఇప్పుడు మనలో మనం అనుకోవలసిన ఒక చేదు మాట. “మేము పట్టాల మీద, సార్టింగులో, కౌంటర్లలో పనిచేయలేదా? మాస్టార్లు ఇంట్లో కూర్చొని జీతం తీసుకొన్నారు” అని మన సభ్యులే కొందరు అన్నారు, నేటికీ అంటున్నారు. ఈ మాటను మేము గట్టిగా వ్యతిరేకిస్తున్నాము. 1,952 మంది రైల్వే ఉద్యోగులు కోవిడ్‌కు బలయ్యారని 2021 మేలో బోర్డు ఛైర్మనే చెప్పారు. ఆ మరణాలు మన ఘనతకు పతకాలు కావు. యాజమాన్యం మీద మనం మోపిన అభియోగాలు. మనం చచ్చినట్లే వారూ చావాలనటం కార్మిక న్యాయం కాదు.

పైగా వారు ఇంట్లో కూర్చోలేదు. 2020 మేలో విశాఖ జిల్లాలో ఉపాధ్యాయులను మద్యం దుకాణాల ముందు వరుసలు సరిచేయటానికి నిలబెట్టారు. పాఠం చెప్పటానికి ప్రమాదకరమైన మనిషి బ్రాందీ షాపు ముందు ప్రమాదం కాకుండా ఎలా పోయాడో! 2021 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ పంచాయతీ ఎన్నికల విధులకు పంపిన తరువాత మరణించిన 1,621 మంది పేర్లతో అక్కడి ప్రాథమిక ఉపాధ్యాయ సంఘం జాబితా ఇస్తే, ప్రభుత్వం మొదట ఒప్పుకొన్నది ముగ్గురిని. విధిలో ఉండగానే చావాలన్నది నిబంధనట. గొడవ పెరిగిన తరువాత గాని ఆ నిబంధన మారలేదు. ఇక ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు జీతాలు పోయి వీధినపడ్డారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వారికి నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. సహాయాన్ని మేము కాదనము. ఒక ఉపాధ్యాయుని కుటుంబానికి ఆ రోజున కట్టిన వెల మాత్రం మరచిపోము.

2022 జనవరిలో మూడవ తాకిడి వచ్చింది. అప్పటికి రెండేళ్ళ అనుభవం ఉన్నది, టీకాలు ఉన్నాయి. ఆ పక్షం రోజులలో మన రెండు తెలుగు రాష్ట్రాలు ఏం చేశాయో చూడండి. తెలంగాణ సంక్రాంతి సెలవులను నెలాఖరు వరకు పొడిగించింది. పండుగ సినిమాలు మాత్రం హాళ్ళలో ఆడాయి. ఆంధ్రప్రదేశ్ జనవరి 17న బడులు తెరిచింది. కృష్ణకు ఇవతల ఒక న్యాయం, అవతల మరొక న్యాయం; వ్యాధి మాత్రం ఒకటే. ఒకరు ఏ లెక్క ప్రకారం మూశారు, మరొకరు ఏ లెక్క ప్రకారం తెరిచారు? ఏ ఉపాధ్యాయ సంఘంతో, ఏ తల్లిదండ్రులతో కూర్చొని రాసుకొన్న ఒప్పందం మీద?

సరిగ్గా ఆ రోజులలోనే అమెరికాలోని చికాగో నగరంలో ఉపాధ్యాయ సంఘం జనవరి 4న ఓటింగు జరిపింది. రక్షణ ఏర్పాట్లు కుదిరేదాకా ఇంటి నుండే బోధిస్తామని 73 శాతం మంది తేల్చారు. నగర యంత్రాంగం ఇది చట్టవిరుద్ధమని గర్జించి ఐదు రోజులు తరగతులు రద్దుచేసింది. చివరకు బల్ల దగ్గరకు రాక తప్పలేదు. మాస్కులు, పరీక్షలు, వాటితోపాటు ఏ బడిలో నూటికి ముప్పై మంది ఉపాధ్యాయులు వరుసగా రెండు రోజులు వ్యాధి వల్ల రాలేకపోతే ఆ బడి ఆన్‌లైన్‌కు మారాలన్న కొలత కాగితం మీదకు వచ్చాయి. 12న పిల్లలు తిరిగి వచ్చారు. ఆ ఒప్పందం ఉపాధ్యాయులందరికీ నచ్చలేదు. స్వల్ప మెజారిటీతోనే ఆమోదం పొందింది. కాని బడికొక కొలత, మూయటానికొక హద్దు, మూసే ముందు ఒక మాట – కాషన్ ఆర్డరు అంటే ఇదే గదా!

మనకు జరిగిన నష్టానికి కొలత కూడా ఉన్నది. మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి వాచకం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం. ఈ అంకెలోని పిల్లలు ఎవరు? ఇంట్లో పాఠం చెప్పేవారు లేనివారు, ట్యూషను కొనలేనివారు. అధికారుల పిల్లలు కారు.

కాబట్టి మా కోరిక సూటిగా ఉన్నది. రాబోయే అంటువ్యాధి నాటికి బడుల గూర్చిన కాగితం సిద్ధంగా ఉండాలి. ఉపాధ్యాయ సంఘాలు, తల్లిదండ్రులు, కార్మిక సంఘాలు సంతకం చేసిన కాగితం. మూసివేత బడి వారీగా, గడువుతో ఉండాలి; మూసిన రోజులలో కూడా పిల్లవాడికి అన్నం, అచ్చు పాఠం ఇంటికి చేరాలి. అప్పటిదాకా కిటికీలు పెట్టాలి. రైల్వే పాఠశాలల విషయంలో దీనికి రాష్ట్ర ప్రభుత్వాల వంక చూడనక్కరలేదు. అవి మన యాజమాన్యం కిందివే. వాటిని వదిలించుకోవాలని 2021లో ఆర్థిక మంత్రిత్వశాఖ వైపు నుండి సిఫారసు వచ్చిన సంగతి కూడా సభ్యులు మనసులో ఉంచుకోవాలి.

రైల్వే డివిజనల్ శాఖలు తమ పరిధిలోని రైల్వే పాఠశాలలకు వెళ్ళి, గదికి ఎందరు పిల్లలు, ఎన్ని కిటికీలు, వాటిలో తెరుచుకొనేవి ఎన్ని అన్నది స్వయంగా చూసి రాసుకొని, ఆ పట్టికను వచ్చే పర్మనెంట్ నెగోషియేటింగ్ మెషినరీ సమావేశపు అంశాలలో చేర్పించవలసినదిగా కోరుతున్నాము. తపాలా శాఖలు తమ బ్రాంచి పోస్టాఫీసుల పరిధిలో ఫోను సిగ్నల్ అందని ఆవాసాల జాబితా తయారుచేసి మాకు పంపాలి. పట్టికల నకళ్ళు స్థానిక ఉపాధ్యాయ సంఘాలకు కూడా ఇవ్వండి.