‘స్కోరెంత?’ అని అడిగాక చెబుదాం

2024 జూన్ 29 రాత్రి. టీ20 ప్రపంచకప్ ఫైనల్. చివరి ఓవర్లో దక్షిణాఫ్రికాకి 16 పరుగులు కావాలి. క్రీజులో మిల్లర్ ఉన్నాడు. మాది పర్చూరు పక్కన పల్లె. ఇంట్లో సిగ్నల్ సరిగ్గా రాదు. అందుకని డాబా ఎక్కి, ఫోన్‌ని నీళ్ళ ట్యాంకుకి ఆనించి చూస్తున్నా. నా ఫోన్లో హార్దిక్ పాండ్యా ఇంకా బంతి వెయ్యనే లేదు. ఈలోపు పక్కింటి డిష్ టీవీ దగ్గర్నుంచి ఒకటే అరుపు: “పట్టేశాడ్రోయ్!” వెంటనే మా క్లాసు గ్రూపులో స్టిక్కర్ల వాన మొదలైంది.

ఆ తర్వాత నా ఫోన్లో బంతి పడింది. మిల్లర్ కొట్టాడు. సూర్యకుమార్ బౌండరీ దగ్గర బంతి పట్టి, పైకి విసిరి, తాడు దాటి, మళ్ళీ లోపలికొచ్చి పట్టాడు. దేశమంతా ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో నేను మాత్రం తాపీగా చూస్తున్నా. ఔటని నాకు ముందే తెలుసు కదా! 7 పరుగులతో గెలిచాం, నేనూ ఎగిరి గంతేశా. కానీ ఆ క్యాచ్ బాకీ నాకు ఇంకా తీరలేదు.

పక్కింటివాళ్ళ మీద నాకేం కోపం లేదు. అరుపు ఎవరూ ఆపుకోలేరు, ఆపుకోకూడదు కూడా. స్టిక్కర్ సంగతి వేరు. అది వెతికి, ఎంచుకుని, నొక్కి పంపాలి. ఆ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగుదామా అన్నదే నా గోల.

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఈ తేడా ఎందుకొస్తుందో కూడా చెప్పుకుందాం. డిష్‌కి వచ్చే సిగ్నల్ సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున్న ఉపగ్రహం దాకా వెళ్ళి కిందికి దిగుతుంది. వినడానికి బోలెడు దూరం, కానీ ఆ ప్రయాణానికి పట్టేది పావు సెకను. ఫోన్లో చూసే వీడియోని మాత్రం కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కని రకరకాల క్వాలిటీల్లో తయారుచేసి సర్వర్లలో పెడతారు. మధ్యలో ఆగిపోకుండా మన ఫోన్ రెండు మూడు ముక్కలు ముందే దాచుకుని అప్పుడు మొదలెడుతుంది. అన్నీ కలిపితే ఇరవై, ముప్పై సెకన్లు వెనకబడటం మామూలే. వాట్సాప్ మెసేజీకేమో ఒక్క సెకను చాలు. అంటే వీడియో పల్లెవెలుగు బస్సులో వస్తుంటే, స్పాయిలర్ బుల్లెట్ బండి మీద వచ్చేస్తుందన్నమాట.

ఇంత చెప్పిన నేనేమన్నా బుద్ధిమంతుణ్ణా? అసలు కథ ఇప్పుడు చెప్తా.

2024 డిసెంబర్ 28, శనివారం. మెల్‌బోర్న్ టెస్టు మూడో రోజు. ఊళ్ళో పత్తి ఆఖరి తీత నడుస్తోంది. మిరపకి తామర పురుగు పట్టి, మందు మీద మందు కొట్టే రోజులు. నాన్న పొద్దున్నే చేలోకి పోతూ ఫోన్ చేసి ఒకటే మాట చెప్పాడు: “అబ్బాయ్, సాయంత్రం ఇంటికొచ్చి మొత్తం చూసుకుంటా. నువ్వేం చెప్పబాక.”

ఆరోజు ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. 191 పరుగులకి 6 వికెట్లు పడ్డాక మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి దిగాడు. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి ఎనిమిదో వికెట్‌కి 127 పరుగులు చేర్చాడు. నితీశ్ 99 మీదుండగా అవతలి ఎండ్‌లో బుమ్రా ఔటయ్యాడు. మిగిలింది ఆఖరి వికెట్. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి, ఆడాల్సింది మన హైదరాబాదీ సిరాజ్. గ్యాలరీలో నితీశ్ వాళ్ళ నాన్న ముత్యాలరెడ్డి గారు నిలువెల్లా ప్రార్థనై నిలబడ్డారు. సిరాజ్ మూడూ కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతికి ఫోర్. సెంచరీ!

హాస్టల్ మొత్తం ఊగిపోయింది. నా చెయ్యి దానంతటదే నాన్న నంబర్ నొక్కింది. “నాన్నా! నితీశ్ సెంచరీ కొట్టాడు!”

అవతల కాసేపు స్ప్రేయర్ చప్పుడు తప్ప ఏం వినబడలేదు. తర్వాత, “మంచిదేరా. మనోడే కదా” అన్నాడు. అంతే.

రాత్రి నేనే మళ్ళీ ఫోన్ చేసి, చూశావా అని అడిగా. “చూశాలే. బాగా ఆడాడు. కానీ ఏందోరా, ఆ సిరాజ్ ఆడిన మూడు బంతులప్పుడు భయమే వెయ్యలా” అన్నాడు.

తిట్టినా బాగుండేది. రోజంతా మందు వాసనలో తిరిగి, సాయంత్రానికని దాచుకున్న మూడు బంతుల భయాన్ని నేను ఒక్క ముక్కతో లాగేసుకున్నా. స్కోరు ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ భయం మాత్రం ఒక్కసారే దొరుకుతుంది.

“లైవ్ మ్యాచ్ అంటే వార్త రా, సస్పెన్స్ సినిమా కాదు” అంటాడు నా రూమ్మేట్. నిజమే. ఫలితాన్ని లోకమంతా కలిసి దాచలేదు. ఆనందం వచ్చినప్పుడు పంచుకోవాలనిపించడం తప్పు కాదు. కానీ ఒకటి గుర్తు చేసుకోండి. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడని 2015 నుంచి 2017 దాకా ఊరూవాడా అడిగింది. రెండో భాగం మొదటి ఆట చూసొచ్చినవాళ్ళని “చెప్పబాక, చెప్పబాక” అని మనమే బతిమాలాం. సినిమాకి చూపించే మర్యాద పొలంలో ఉన్న మనిషి మ్యాచ్‌కి ఎందుకు చూపించం?

మన పెద్దవాళ్ళకి ఈ మర్యాద తెలుసనే నా అనుమానం. ట్రాన్సిస్టర్ రోజుల్లో టీకొట్టు దగ్గర ఒకడి చెవికి రేడియో ఉంటే, సైకిల్ మీద పోయేవాడు కాలు కింద పెట్టి “స్కోరెంత?” అనేవాడట. ముక్కూ మొహం తెలియకపోయినా జవాబు దొరికేది. ఇక్కడ వరస చూడండి: ముందు అడగడం, తర్వాత చెప్పడం. మనం ఆ ప్రశ్నని ఎత్తేసి జవాబొక్కటే మిగుల్చుకున్నాం.

అందుకే నా ప్రతిపాదన చిన్నది. మ్యాచ్ మాటలకి వేరే గ్రూపు పెట్టుకుందాం. అందులో ఎంతైనా అరుచుకోవచ్చు, వచ్చినవాడు తెలిసే వస్తాడు. క్లాసు గ్రూపులో, ఇంటి గ్రూపులో మర్నాటి పొద్దుటిదాకా నోరు కట్టేసుకుందాం. అమెరికాలో నిద్రపోతున్న అన్నకీ, చేలో ఉన్న నాన్నకీ ఆ పాటి గడువు చాలు. స్టేటస్‌లో పెట్టేటప్పుడు మొదటి లైన్లోనే స్కోరు పెట్టొద్దు. చూడనివాళ్ళకీ ఒక బాధ్యత ఉంది. నెట్ ఆపుకోవాలి, గ్రూపులు మ్యూట్ చేసుకోవాలి. మర్నాడు మధ్యాహ్నం కూడా “నాకెందుకు చెప్పావ్” అని పోట్లాడితే కుదరదు.

నేను మాత్రం ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకున్నా. మ్యాచ్ రోజు నాన్నకి ఫోన్ చేస్తే ముందు మిరప ఎలా ఉందని అడుగుతా, అన్నం తిన్నావా అని అడుగుతా. క్రికెట్ మాట ఎత్తను. ఒక్కోసారి ఆయనే ఆగలేక, “సర్లే గానీ, స్కోరెంతరా?” అంటాడు.

అప్పుడు చెప్తా.