పెద్దల జేబు తడిమితే దేశానికి అవమానమా?

సికింద్రాబాదు బన్సీలాల్‌పేట నుంచి మా చిన్నమ్మ రోజూ పొద్దున్నే మారేడ్‌పల్లి పోతది. అక్కడ ఒక అపార్టుమెంటులో నాలుగిండ్లల్ల అంట్లు తోముతది, బట్టలుతుకుతది. సాయంత్రం గేటు దాటేటప్పుడు వాచ్‌మన్ ముందు చేతిసంచి తెరిచి చూపించాలి. టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యాలి. పన్నెండేండ్ల నుంచి ఇదే తంతు. "ఎందుకు చూపిస్తవ్ చిన్నమ్మా?" అని అడిగితే, "వాడూ మనోడే బిడ్డా, చూడకపోతే వాని కొలువు పోతది" అంటది. ఆ ఇండ్లకు వచ్చే చుట్టాల సంచి మాత్రం ఎన్నడూ ఎవడూ తెరవమనలేదు.

ఈ గేటును మనసులో పెట్టుకొని విమానాశ్రయం గేటు దగ్గరికి పోదాం. అక్కడా సోదా ఉంది. బెల్టు విప్పాలి, జేబులు ఖాళీ చెయ్యాలి, చేతులు చాచి నిలబడాలి. కానీ ఈ సోదా లేకుండానే లోపలికి పోయే పెద్దల జాబితా ఒకటి ప్రభుత్వం దగ్గర ఉంది. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, సుప్రీంకోర్టు జడ్జీలు, కేంద్రమంత్రులు, ముఖ్యమంత్రులు, విదేశీ రాయబారులు అందులో ఉన్నారు. ఏ పదవీ లేని రాబర్ట్ వాద్రా పేరు కూడా ఆ జాబితాలో ఏండ్ల తరబడి ఉంది. 2015 సెప్టెంబరులో గానీ తియ్యలేదు. అల్లుడి హోదా కూడా ఈ దేశంలో ఒక పదవే అన్నమాట!

జాబితాలో లేనోళ్ల దర్జా కూడా తక్కువేం కాదు. 2017 జూన్‌లో అనంతపురం ఎంపీ జె.సి. దివాకర్ రెడ్డి విశాఖ విమానాశ్రయానికి ఆలస్యంగా వచ్చి, బోర్డింగ్ పాసు ఇవ్వలేదని కౌంటరు దగ్గర రభస చేశారు. విమాన కంపెనీలు ఆయన్ను ఎక్కించుకోమని ప్రకటించేదాకా పోయింది వ్యవహారం. అదే మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంను 2009లో ఢిల్లీలో ఒక అమెరికా విమాన కంపెనీ వాళ్లు సోదా చేశారు. నిజానికి ఆయన పేరు మినహాయింపు జాబితాలోనే ఉంది. అయినా ఆయన గొడవ చెయ్యలేదు. పార్లమెంటే అట్టుడికింది. 2011లో న్యూయార్క్‌లో ఆయన కోటు, బూట్లు తీసుకుపోయి చూస్తే అమెరికా క్షమాపణ చెప్పింది. పెద్దమనిషి జేబు తడిమితే దేశానికే అవమానం. మరి మా చిన్నమ్మ టిఫిన్ డబ్బా తెరిపిస్తే ఎవరికి అవమానం?

ఇక అసలు సంగతి. 2013 డిసెంబరు 12న న్యూయార్క్‌లో భారత డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను అమెరికా పోలీసులు అరెస్టు చేశారు. ఆమె మహారాష్ట్ర దళిత మహిళ. బట్టలు విప్పించి సోదా చేశారు. ఆ మాట విని మనందరి కడుపు మండింది. మండాల్సిందే. జీతం తగాదా కేసులో మనిషిని బట్టలిప్పించి చూడాల్సిన పనేముంది? అది ఏ ఆడదానికీ జరగగూడదు. ఆఫీసరుకూ జరగగూడదు, అడ్డామీది కూలీకీ జరగగూడదు.

భారత ప్రభుత్వం కూడా కదిలింది. ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయం ముందున్న సిమెంటు దిమ్మెలను తొలగించింది. అమెరికా కాన్సులేట్ల అధికారుల గుర్తింపు కార్డులు, విమానాశ్రయం పాసులు వెనక్కియ్యమంది. అప్పుడు హైదరాబాదు కాన్సులేటు మన పక్కనే, బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. దానికీ అదే వర్తించింది. మీ ఇండ్లల్ల, మీ ఆఫీసుల్ల పనిచేసే మావాళ్లకు ఎంత జీతమిస్తున్నారో లెక్క చెప్పమని కూడా అడిగింది. మంచి ప్రశ్న. కానీ అమెరికా వాళ్ల మీద కోపమొస్తే తప్ప ఈ ప్రశ్న మన పాలకులకు గుర్తురాలేదు. సొంత అధికారులను ఎన్నడన్నా అడిగారా?

ఎందుకంటే ఆ కేసులో ఇంకో ఆడమనిషి ఉంది. ఇండియా నుంచి ఇంటిపనికి తీసుకుపోయిన మనిషి. వీసా కాగితాల్లో గంటకు 9.75 డాలర్ల జీతం చూపించి, వేరే ఒప్పందంలో నెలకు 30 వేల రూపాయలే రాసుకున్నారని, అంటే గంటకు మూడు డాలర్ల పైచిలుకేనని అమెరికా ప్రాసిక్యూటర్ల ఆరోపణ. దేవయాని దాన్ని ఒప్పుకోలేదు. ఎవరిది నిజమో కోర్టులో తేలనే లేదు. 2014 జనవరిలో ఆమెను ఐక్యరాజ్యసమితిలోని భారత బృందానికి మార్చి, పూర్తి దౌత్యరక్షణ ఇప్పించి, ఇండియాకు తీసుకొచ్చారు. ఇక్కడ ఢిల్లీలో మాత్రం ఆ పనిమనిషి మీదే అరెస్టు వారంటు పుట్టింది.

ఈ దౌత్యరక్షణ అంటే ఏందో కొంచెం వివరంగా చెప్పుకోవాలె. 1961 వియన్నా ఒప్పందం ప్రకారం విదేశీ రాయబారిని, దౌత్యవేత్తను అరెస్టు చెయ్యరాదు. కాన్సులేట్ అధికారులకు 1963 నాటి ఇంకో ఒప్పందం ఉంది. దాని ప్రకారం వాళ్లకు ఆఫీసు పనులకే రక్షణ. అందుకే దేవయానిని హడావుడిగా మార్చాల్సి వచ్చింది. ఐతే 1961 ఒప్పందం మొదట్లోనే ఒక మాట రాసి ఉంది: ఈ సౌకర్యాలు మనుషుల సొంత లాభానికి కావు, దేశం తరఫున చేసే పని సాగడానికే. మరి ఇంట్లో అంట్లు తోమే మనిషి కూలి ఎగ్గొట్టడం ఏ దేశం పని?

ఈ రక్షణ ఎంతదాకా పోతదో మనదేశంలోనే చూశాం. 2015లో ఢిల్లీ పక్కన గుర్గావ్‌లో ఇద్దరు నేపాలీ పనిమనుషులు ఒక సౌదీ దౌత్యవేత్త తమపై అత్యాచారం చేశాడని ఫిర్యాదు చేశారు. దౌత్యరక్షణ అడ్డం పెట్టుకొని అతడు దేశం దాటిపోయాడు. న్యూయార్క్‌లో మనకు కావాలన్న కవచమే గుర్గావ్‌లో ఆ ఆడబిడ్డల నోరు మూసింది. కువైట్ పోయే కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెండ్లు ఈ సంగతి యాదిలో పెట్టుకోవాలె. ఒక చిన్న వెలుగు కూడా కనబడింది. 2022 జులైలో బ్రిటన్ సుప్రీంకోర్టు, పనిమనిషిని బానిసలా వాడుకొని లాభపడితే ఆ దౌత్యవేత్తకు రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది.

ఇక్కడ కొందరు మిత్రులు నన్ను నిలదీస్తారు. "అన్నా, మనోళ్లు ఇప్పుడిప్పుడే ఆఫీసరు కుర్చీల్లో కూసుంటున్నరు. వాళ్లకున్న రక్షణ కూడా తీసేయమంటవా?" అని. ఆ బాధ నాకు తెల్వంది కాదు. దళిత మహిళ కాబట్టే కేంద్రం ఆలస్యంగా కదిలిందని మాయావతి అప్పుడే అన్నారు. కానీ బాబాసాహెబ్ బతుకు ఒకసారి చూడండి. లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూసుని వచ్చిన మనిషి 1934లో నిజాం రాజ్యంలోని దౌలతాబాదు కోట చూడబోయాడు. గేటు దగ్గరి తొట్టిలో నీళ్లు ముట్టుకున్నందుకు పెద్ద గొడవైంది. లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడటానికి తుపాకి పట్టిన సిపాయిని వెంట పంపారు. హోదా ఆయన్ను ఆ గేటు దగ్గర కాపాడలేదు. అందుకే ఆయన తనకొక్కడికి మినహాయింపు అడగలేదు. చెరువు అందరిదీ కావాలన్నాడు, గుడి అందరిదీ కావాలన్నాడు.

మనకు కావాల్సింది మినహాయింపు కాదు, మర్యాద. మినహాయింపు ఒకరిద్దరికి దొరుకుతది, మిగతావాళ్లను గేటు బయటే నిలబెడతది. మర్యాద అందరికీ దొరికితేనే మర్యాద. విమానాశ్రయంలో మంత్రైనా, మేస్త్రైనా ఒకే వరుసలో నిలబడాలి. ఆడోళ్లను ఆడోళ్లే, చాటున, ఒళ్లు అవమానపడకుండా చూడాలి. విదేశాలకు పోయే అధికారి ఇంటిపని మనిషికి ప్రభుత్వమే అక్కడి చట్టం ప్రకారం జీతం కట్టాలి. ఇంటిపని కార్మికుల హక్కుల మీద 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం చేస్తే, మనదేశం అనుకూలంగా ఓటేసి వచ్చింది, ఇంటికొచ్చి ఆమోదించకుండా పక్కన పెట్టింది. దాన్ని ఆమోదించాలి.

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఢిల్లీ దాకా పోయేముందు తమ బస్తీ పక్క అపార్టుమెంటు గేటు దగ్గరికి పోవాలె. కమిటీ వాళ్లను ఒకటే అడగండి: సంచి తెరిపిస్తే అందరిదీ తెరిపించండి, లేకుంటే ఎవరిదీ వద్దు. వాచ్‌మన్‌తో కొట్లాడకండి, వాడూ మనోడే. మా చిన్నమ్మ మాట అదే.

జై భీమ్!