ఎవరి గీత వాళ్ళే గీయాలి

పరీక్షల్లో కాపీ అనగానే మనవాళ్ళకి చీటీలే గుర్తొస్తాయి. చొక్కా మడతలో చీటీ, అట్ట కింద చీటీ, మేజోడులో చీటీ! అందుకే ఫ్లయింగు స్క్వాడు వారు రాగానే కుర్రాళ్ళ జేబులు తడుముతారు. ఇంజనీరింగు డ్రాయింగు పరీక్షకీ ఇదే వైద్యం. జేబు తడిమితే ఏం దొరుకుతుందండీ? ఓ రబ్బరు ముక్క, ఓ బ్లేడు, చెక్కిన టూ హెచ్ పెన్సిలూ దొరుకుతాయి. ఈ పరీక్షలో చీటీతో పనేముంది? ముందు కుర్రాడి బోర్డు ఏటవాలుగా, వెనకవాళ్ళకి సినిమా తెరలా కనిపిస్తూనే ఉంటుంది!

ఆ బోర్డుల మధ్య చాలా ఏళ్ళు తిరిగినవాణ్ణి కనక ఖండితంగా చెబుతున్నాను. ఈ కాపీని ఆపగలిగిన మొదటి మనిషి ప్రశ్నాపత్రం రాసే పెద్దమనిషి. ఆయనేమో తన పని తాను చెయ్యడు.

ఏటేటా అదే ఆరు పలకల ప్రిజం. భుజం 30 మిల్లీమీటర్లు, అక్షం 60. అదే నేల మీద, అదే వాలుతో పడి ఉంటుంది పాపం. కుర్రాడు ఆ బొమ్మని ముగ్గు కంఠస్థం చేసినట్టు చేస్తాడు. చుక్కలు లెక్కపెట్టి ముగ్గేసే ఆడపిల్లకి గీత ఎందుకటు తిరిగిందో తెలుసు. వీడికి అదీ తెలీదు.

పోనీ ఇలా చెయ్యరాదూ? అక్షం పొడవు 50 మిల్లీమీటర్లు, దానికి మీ హాల్‌టిక్కెట్టు నంబరులోని చివరి అంకె కలుపుకోండి అని ప్రశ్నలో ఒక్క వాక్యం రాయండి. పక్కవాణ్ణి చూసి గీసినవాడు పక్కవాడి కొలతతో సహా దొరికిపోతాడు. స్కేలు పెట్టి చూస్తే చాలు. "దిద్దేవాళ్ళకి కష్టం కాదుటండీ?" అంటారు. ఉన్నవి పది అంకెలే. పది జవాబు షీట్లు ముందే గీసి పెట్టుకుంటే సరి. మూడు గంటలు కుర్రాణ్ణి గీయమనే మనం ఆ మాత్రం గీయలేమా?

ఇక దొంగని పట్టడం. తను గీసిన బొమ్మకి పుట్టుమచ్చలుంటాయి. లేతగా ప్రొజెక్టరు గీతలు, తుడిచి దిద్దిన మరకలు, షీటు తిరగేసి వేలు పోనిస్తే కంపాసు ముల్లు దిగిన చోట చిన్న బొడిపె. హాస్టల్లో అద్దం కింద బల్బు పెట్టి ఎత్తి రాసిన క్లాసు షీటుకి ఇవేవీ ఉండవు. నున్నగా, పెళ్ళి శుభలేఖలా ఉంటుంది. ఇంకొక మాట. రెండు సరైన బొమ్మలు ఒకలా ఉంటే నేరం కాదు, సరైన జవాబు ఒక్కటే కనక. రెండు బొమ్మల్లో ఒకే చోట ఒకే తప్పుంటే మాత్రం అనుమానించవలసిందే.

కంప్యూటరొచ్చింది కదా, ఇక బెంగ లేదంటారు కొందరు. ఆటోకాడ్ 1982లో వచ్చింది. దానితోపాటు కాపీకి పెన్సిలు చెక్కే శ్రమ కూడా తప్పింది! ఫైలు తెచ్చుకోవడం, మూలనున్న పేరు మార్చడం, అంతే. కానీ ఆ ఫైలుకీ జాతకం ఉంది. టైం అనే కమాండు కొడితే ఎప్పుడు పుట్టిందో, ఎంతసేపు దాని మీద పనిచేశారో చెబుతుంది. ఇద్దరు కుర్రాళ్ళ ఫైళ్ళు ఒకే సెకనులో పుడితే అవి కవలలే. రెండు గంటల బొమ్మకి నాలుగు నిమిషాల శ్రమ కనిపిస్తే అడగవలసింది చాలా ఉంది.

"డ్రాయింగే కదా, ఇంత రభసెందుకు?" అనేవారికి ఒక సంగతి చెబుతాను. అమెరికాలో కాన్సస్ సిటీలోని ఒక హోటల్లో, 1981 జూలై 17న, గాలిలో వేలాడే నడవాలు కూలి 114 మంది చనిపోయారు. నడవాలని మోసే ఒక పొడుగాటి కడ్డీకి బదులు రెండు కడ్డీలని డ్రాయింగులో మార్చారు. దాంతో పై నడవా బిగింపు మీద భారం రెట్టింపైంది. ఆ డ్రాయింగు మీద ఇంజనీరు ముద్ర ఉంది గాని, ఆ బిగింపుకి లెక్క కట్టినవాడు లేడు. అక్కడ కాపీ జరగలేదు, నిజమే. కానీ పక్కవాడి గీతని అర్థం చేసుకోకుండా తనదని ఒప్పుకునే అలవాటుకి మన హాళ్ళలో ఓనమాలు దిద్దిస్తున్నామా లేదా?

చట్టాలు లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే పరీక్షల అక్రమాల మీద చట్టం చేశారు. అయితే కుర్రాడికి గీత తెలుసో లేదో చట్టం చెప్పలేదు. అనుమానం వచ్చినవాణ్ణి డిబారు చేసే ముందు పక్కకి పిలవండి. చేతికో అగ్గిపెట్టె ఇచ్చి, సగం తెరిచి వాల్చి పెట్టి, పైనుంచి ఒకటి, ముందునుంచి ఒకటి గీయమనండి. అయిదు నిమిషాలు చాలు. గీస్తే వాడి మార్కులు వాడికిచ్చెయ్యండి. గీయలేకపోతే వాణ్ణి మళ్ళీ క్లాసులో కూర్చోబెట్టండి. పాఠం చెప్పిన మనమూ వాడి ఎదురుగా కూర్చోవాలి సుమా!