కరెంటొచ్చాక యంత్రానికేం గుర్తుండాలి?

కరెంటు పోవడం గురించి మనవాళ్ళు ఎంతైనా మాట్లాడతారు. వచ్చాక ఏం జరుగుతుందన్నది మాత్రం ఎవరికీ పట్టదు. నా మటుకు నాకు అసలు చిక్కంతా వచ్చిన ఆ మొదటి నిమిషంలోనే ఉందనిపిస్తుంది. పోయినప్పుడు యంత్రాలన్నీ ఒక్కలాగే ఆగిపోతాయి. లేచేటప్పుడే ఒక్కోటి ఒక్కోలా లేస్తుంది. ఒకటి అన్నీ మరిచిపోయి, కొన్ననాటి అమరికలతో మొదలవుతుంది. ఇంకొకటి ఎవరికీ చెప్పకుండా ఆగినచోటి నుంచే పని అందుకుంటుంది. ఏది మంచిది?

వ్యవసాయం ఇంట్లో పుట్టినవాళ్ళకి ఈ ప్రశ్న పుస్తకంలోంచి రాదు. బోరు మోటారు స్టార్టరే తీసుకోండి. పచ్చ బటన్ నొక్కితే లోపలి కాయిల్ అయస్కాంతమై కాంటాక్టులను లాక్కుంటుంది. వేలు తీసేసినా, ఆ కాంటాక్టుల్లో ఒకదాని ద్వారా తనకు తానే కరెంటు అందించుకుంటూ పట్టు నిలుపుకుంటుంది. కరెంటు పోగానే ఆ పట్టు వదిలేస్తుంది. మళ్ళీ వచ్చినా, మనిషి వెళ్ళి నొక్కితే తప్ప మోటారు తిరగదు. దీన్ని లోపమనుకునేవాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. లోపం కాదు, కావాలని పెట్టిన మరుపు. కరెంటు లేదు కదా అని ఒకడు మోటారు దగ్గర తీగలు విప్పుకుని కూర్చుంటే, వాణ్ణి కాపాడేది ఆ మరుపే.

ఐతే అర్ధరాత్రి రెండింటికి కరెంటిచ్చే రోజుల్లో, చీకట్లో, తడి గట్ల మీద, పురుగూపుట్రా చూసుకుంటూ వెళ్ళి ఆ బటన్ నొక్కేదెవరు? అందుకే రైతు ఆటో స్టార్టరు పెట్టుకున్నాడు. కరెంటు రాగానే అదే మోటారు వేస్తుంది. రైతును తప్పుపట్టేవాళ్ళు ముందు ఆ గట్టు మీద ఒక్క రాత్రి నడిచి చూడాలి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసెయ్యండని అధికారులు రైతులకు చెప్పారు. కరెంటు ఉన్నంతసేపూ మోటారు పోస్తూనే ఉంటే భూగర్భజలం ఏం కావాలి? మడి నిండిందో లేదో మామూలు ఆటో స్టార్టరుకు తెలీదు. ‘నడపాలి’ అన్న ఒక్క మాటే దానికి గుర్తు. నిన్నటి మాట ఇవాళ కూడా నిజమేనా అని అడగడం దానికి రాదు.

మన బోరు దగ్గరి చిక్కే పెద్ద పెద్ద ప్రయోగశాలల్లోనూ ఉందంటే నవ్వుతారేమో. అమెరికాలో షికాగో దగ్గర ఆర్గోన్ జాతీయ ప్రయోగశాల ఉంది. అక్కడ ఎలక్ట్రాన్లను గుండ్రంగా తిప్పి ఎక్స్-కిరణాలు పుట్టించే యంత్రాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ పేరు ఎపిక్స్. మన కోల్‌కతా సైక్లోట్రాన్ కేంద్రంలోనూ దాన్ని వాడారు. నియంత్రించే కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలైతే, శాస్త్రజ్ఞులు ఓపిగ్గా సరిచేసి పెట్టుకున్న అంకెలు పోయి, ప్రోగ్రాంలో మొదట రాసినవే వచ్చి కూర్చుంటాయి. దీనికి విరుగుడుగా ఆటోసేవ్ అనే భాగాన్ని తయారుచేశారు.

దాంట్లో నాకు బాగా నచ్చిన సంగతేమిటంటే, ఏం గుర్తుపెట్టుకోవాలో యంత్రం తేల్చదు. మనిషి జాబితా రాసిస్తాడు. ఆ విలువలు మారినప్పుడో, ఇన్ని సెకన్లకొకసారి అనో ఫైల్లోకి ఎక్కిస్తుంది. సరే, రాస్తూండగానే కరెంటు పోతే? ఫైలు చివర ‘ఇక్కడితో అయిపోయింది’ అన్న గుర్తు లేకపోతే ఆ ఫైలును నమ్మదు, పక్కనే దాచిన రెండో ప్రతి తెరుస్తుంది. (మన ల్యాబ్ రికార్డులకు ఇంత క్రమశిక్షణ ఉంటే లెక్చరర్లు ఎంత సంతోషిస్తారో!) ఇక స్టెప్పర్ మోటార్ల సంగతి. తానెన్ని అడుగులు తిరిగిందో కంట్రోలరు మరిచిపోతే, దాచిన స్థానాన్ని తిరిగి అప్పజెబుతారు. మోటారును కదిలించరు, ‘నువ్విక్కడున్నావు’ అని చెబుతారంతే. ఈలోగా ఎవరైనా చేత్తో ఇరుసు తిప్పి ఉంటే ఆ అంకె అబద్ధమే, కాబట్టి కొలిచి చూసుకునే పని మనిషికి ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

కాబట్టి నేననేది, అమరికలు తిరిగి రావాలి, పని మాత్రం అడక్కుండా మొదలుకాకూడదు. ఇదీ అన్నిచోట్లా చెల్లదు. టీకాలుంచే ఫ్రిజ్ మనిషి కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే టీకాలు పాడవుతాయి. రొయ్యల చెరువులో ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అక్కడ మొదలవడం కంటే ఆగడమే ప్రమాదం. ఇది తేల్చడానికి ఎలక్ట్రానిక్స్ ఒక్కటీ చాలదు. చెరువు తెలిసినవాడూ, మడి తెలిసినవాడూ ఆ జాబితా రాసేచోట ఉండాలి. ఇప్పుడు వాళ్ళనెవరడుగుతున్నారు?

మన సిలబస్‌లో ఫ్లిప్‌ఫ్లాప్ ఉంది, ఈఈప్రామ్ ఉంది, దాని మీద ఐదు మార్కుల ప్రశ్నా ఉంది. కరెంటు తిరిగొచ్చిన క్షణంలో మీ సర్క్యూట్ ఏం చేస్తుందని మాత్రం అడిగిన పేపరు నేను చూళ్ళేదు. మనం ప్రాజెక్టులకు వాడే ఆర్డ్యునో ఊనో చిప్పులో ఈఈప్రామ్ 1024 బైట్లు. ఒక్కో గడిలో లక్షసార్లు రాయొచ్చని తయారుచేసినవాళ్ళ లెక్క. మనవాడు తేమ అంకెను సెకనుకోసారి ఒకే గడిలో రాస్తూ పోతే, 28 గంటలు తిరక్కుండానే ఆ లక్షా అయిపోతుంది. మారినప్పుడే రాయాలన్న చిన్న ఇంగితం ఆ గడిని ఏళ్ళతరబడి బతికిస్తుంది.

వచ్చే సైన్స్ ఎగ్జిబిషన్‌కు యూనియన్ ఒక్క నిబంధన పెట్టాలని నా కోరిక. మార్కులేసే ముందు ప్రతి ప్రాజెక్టుకూ ప్లగ్గు ఒకసారి పీకాలి. రెండు నిమిషాలాగి మళ్ళీ పెట్టాలి. అప్పుడు చేసినవాళ్ళని అడగాలి, ఇది ఏం గుర్తుపెట్టుకుంది, ఏం మరిచింది, అలా ఎందుకు పెట్టారు అని. బ్యాటరీతో నడిచేవాటికి బ్యాటరీ ఊడబెరికితే సరి.