టిఫిన్ మానేసిన శ్వేతకేతువు

మొన్న పంచకోశాల పాఠం అయ్యాక ఒకరన్నారు, "అన్నమయ కోశమంటే ఉల్లిపాయ పైపొర లాంటిదేగా, ఒలిచి పారేయడమే" అని. నేను ఒప్పుకోను.

తైత్తిరీయోపనిషత్తులో భృగువుకు తపస్సులో బ్రహ్మంగా మొదట తోచింది అన్నమే. తర్వాతే ప్రాణం, మనస్సు, విజ్ఞానం, ఆనందం. ఆనందం దాకా వెళ్ళాక కూడా ఉపనిషత్తు మళ్ళీ అన్నం దగ్గరికే వస్తుంది: దాన్ని నిందించొద్దు, కాదనొద్దు, బాగా పెంచమంటుంది.

ఛాందోగ్యంలో ఇంకా సూటిగా ఉంది. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును 15 రోజులు తిండి మాని నీళ్ళతోనే ఉండమన్నాడు. 12 ఏళ్ళు చదివిన వేదం ఒక్క ముక్క గుర్తు రాలేదు. తిన్నాక అంతా వచ్చింది.

ఇంటర్నల్స్ వస్తే మన హాస్టల్లోనూ ఇదే కథ, ఆ తినడం ఒక్కటి తప్ప. పోయిన నెల నా బెంచీ అమ్మాయి పరీక్ష హాల్లో కళ్ళు తిరిగి పడిపోయింది. ముందురోజు మధ్యాహ్నం నుంచి, ఈ చెన్నై ఎండలో, ఉత్త కాఫీయే. సన్నబడాలట! విజ్ఞానమయ కోశం మీద పది మార్కుల జవాబు తనకు కంఠతా వచ్చు. అందులో ఒక్క వాక్యమూ రాయలేదు.

రేపు మెస్‌లో పొంగల్. తనకి నా పక్కన చోటు పట్టి ఉంచుతాను.