నుదురు చేసిన నేరమేమిటి?

ఆడపిల్లకి నుదురు విశాలంగా ఉంటే అదృష్టమనేవారు మన పెద్దలు. కవులైతే దాన్ని అష్టమినాటి చంద్రుడితో పోల్చి మురిసిపోయారు. ఇప్పుడా చంద్రుడు మరీ పెద్దవాడయ్యాడట! కోసి తగ్గించాలట!

ఎలాగంటారా? జుట్టు మొదలయ్యే చోట అడ్డంగా కోసి, తల చర్మాన్ని వదులుచేసి ముందుకి లాగి, నుదుటి చర్మంలో ఒక పట్టీ కత్తిరించి కుట్లు వేస్తారు. ఇంతా చేస్తే జుట్టు కిందికి దిగేది మామూలుగా 2, 3 సెంటీమీటర్లు. చర్మం బిగుతుగా ఉంటే ముందుగా లోపల ఓ బుడగ పెట్టి, వారాల తరబడి సెలైన్ నింపుతూ సాగదీస్తారు. అది వద్దంటే, తల వెనక వెంట్రుకలు కుదుళ్ళతో తీసి వరినాట్లలా ముందు నాటుతారు. పంట కళ్ళబడటానికి ఏడాది దాకా పడుతుంది.

కాలిన గాయాలవల్లో, ప్రమాదంవల్లో జుట్టు పోయినవారికి ఈ విద్య వరమే. ఆ సర్జన్లకి నమస్కారం. నా తగువల్లా, నిక్షేపంలాంటి నుదుటికి 'లోపం' అని పేరుపెట్టేవారితోనే.

15వ శతాబ్దంలో ఐరోపా దొరసానులు నుదురు పెద్దగా కనిపించాలని ముందరి వెంట్రుకలు పీకించుకునేవారు. 1930ల్లో హాలీవుడ్‌వారు రీటా హేవర్త్ నుదురు చిన్నదని, విద్యుత్తుతో వెంట్రుకలు తీయించి జుట్టు పైకి జరిపించారు. అప్పుడు చిన్నదవడం తప్పు, ఇప్పుడు పెద్దదవడం తప్పు. నుదురు మారలేదండీ, కొలబద్ద మారింది.

పుట్టుకతో పెద్దదైన నుదురు వేరు, జుట్టు వెనక్కిపోతున్న నుదురు వేరు. ఏళ్ళ తరబడి జడ బిగించి వేసినా ముందరి జుట్టు పోతుంది. ముట్లుడిగిన స్త్రీలలో జుట్టు అంచు వెనక్కిపోయే జబ్బు ఒకటుందని 1994లో ఆస్ట్రేలియా వైద్యుడు కోసార్డ్ వర్ణించాడు. ఆ జబ్బు చల్లారకుండా నాటితే, నాటిన జుట్టూ రాలిపోవచ్చు. కనుక కత్తికంటే ముందు చర్మవైద్యుడు.

పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు పెదవి విరిచారని పిల్లని బల్లెక్కించే తల్లిదండ్రులకి నా మనవి ఒక్కటే. కోసినచోట మచ్చ మిగలొచ్చు, తల నెలల తరబడి మొద్దుబారొచ్చు. అవి భరించేది పిల్ల. పెదవి విరిచినవాళ్ళు కాదు.

నుదురు నచ్చకపోతే ముంగురులు దించుకోవచ్చు. విసుగేస్తే పైకి దువ్వుకోవచ్చు. రేపు ఫ్యాషను మళ్ళీ పెద్ద నుదురు కావాలంటే, కత్తిరించి పారేసిన ఆ పట్టీ ఎక్కణ్ణించి తెస్తారు?